మిద్దె మీద కూరగాయల తోట: మొదటి ఏడాదికి పూర్తి మార్గదర్శి

మిద్దె తోట మొదలుపెట్టాలనుకునే వాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "ముందు ఏం కొనాలి?" ముందు ఏమీ కొనవద్దనే చెబుతాను. ఒక సెలవు రోజు చూసుకుని ఉదయం ఏడింటికి, పదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం నాలుగింటికి మేడ ఎక్కండి. ఎండ పడే చోటు చుట్టూ సుద్దముక్కతో గీత గీసుకోండి. ఎక్కడ ఏ మొక్క పెట్టాలో ఆ గీతలే చెబుతాయి.

హైదరాబాద్‌లో మా ఇంటి మీద ఎనిమిదేళ్లుగా కూరగాయలు పండిస్తున్నాను. ఇన్నేళ్లలో చనిపోయిన మొక్కల్ని తలచుకుంటే వాటిలో ఎక్కువ నా తొందరకు బలైనవే. మాగని ఎరువు వేశాను. మే నెలలో టమాటా నాటాను. మొదటి నెలలోనే నలభై కుండీలు పెట్టి, వాటికి నీళ్లు మోయలేక అలసిపోయాను. అందుకే ఇక్కడ పనులన్నీ వరసలో చెబుతున్నాను. ఒకటి పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లండి.

ఎంత పండుతుందన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. పెద్దవాళ్లు ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నరకు పైనే కావాలి. ఇరవై కుండీలు అంత ఇవ్వవు. ఆకుకూరలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కొనడం చాలావరకు తగ్గుతుంది. పాదులు నిలదొక్కుకుంటే వారానికి రెండు మూడు కూరలు ఇంటివే అవుతాయి. డబ్బు మిగులుతుందని మాత్రం మొదటి ఏడాది ఆశపెట్టుకోకండి. కుండీలు, మట్టి, వలలకు అయిన ఖర్చు తేరుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

మొదటి అడుగు: ఎండ, బరువు, నీరు

కాయలు కాసే మొక్కలకు కనీసం ఐదారు గంటల నేరు ఎండ కావాలి. పాలకూర, పుదీనా, కొత్తిమీర, బచ్చలి మూడు నాలుగు గంటల ఎండతో సర్దుకుంటాయి. సుద్దగీతలు ఒక్క రోజు గీసి ఊరుకుంటే చాలదు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు కాబట్టి దక్షిణాన ఎత్తైన గోడో, పక్కింటి అంతస్తో ఉంటే జూన్‌లో ఎండగా ఉన్న చోటు డిసెంబర్‌లో రోజంతా నీడలో ఉంటుంది. మా మేడ మీద ఒక మూల ఇలాగే నన్ను మోసం చేసింది. వానాకాలంలో అక్కడ విరగకాసిన వంగ చలికాలంలో ఒక్క పువ్వూ పూయలేదు.

బరువు విషయంలో ఎవరి మాటా నోటి లెక్కగా నమ్మకండి. మనుషులు తిరిగే మేడ కప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు మోసేలా కట్టాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఒక చదరపు మీటరు మడిలో అడుగు మందాన ఎర్రమట్టి నింపి తడిపితే అది 500 కిలోలకు చేరుతుంది. అంటే కప్పు మీద నేరుగా మట్టి పోసి మడులు కట్టడం ప్రమాదం. ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉండే మొక్కల సంచిలో (గ్రో బ్యాగ్) తేలికపాటి మిశ్రమం నింపితే తడిసినప్పుడు పాతిక కిలోల వరకు తూగుతుంది. చదరపు మీటరుకు నాలుగు సంచులు పెడితే హద్దులోనే ఉంటాం. పెద్ద తొట్లు, సగానికి కోసిన డ్రమ్ములు గోడల మీదుగా, దూలాల మీదుగా మాత్రమే పెట్టండి. ఇల్లు పాతదైనా, కప్పు చెమ్మ పడుతున్నా ఇంజనీరుకు చూపించి, ముందు కప్పు బాగు చేయించుకుని ఆ తరువాతే తోట సంగతి చూడండి.

కుండీలను నేల మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీదో ఇనుప స్టాండ్ల మీదో పెట్టాలి. అడుగున చీపురు దూరాలి, వాన నీరు ఆగకుండా పోవాలి. ఇక నీటి కుళాయి మేడ మీదే ఉండాలి. కింది నుంచి బకెట్లు మోసే తోట ఏప్రిల్ దాటి నిలవడం నేను చూడలేదు.

రెండో అడుగు: కుండీల లెక్క కూర లెక్కతో వేసుకోండి

రెండు బెండ మొక్కలు పెట్టి బెండకాయ కూర కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కో బెండ మొక్క రోజు విడిచి రోజు ఒకటో రెండో కాయలు ఇస్తుంది. నలుగురికి కూర కావాలంటే కనీసం పది, పన్నెండు మొక్కలు ఉండాలి. అదే మిరప మూడు మొక్కలుంటే ఇంటికి చాలు. వంగ నాలుగు, టమాటా ఆరు, సొర ఒకటి, బీర రెండు. ఆకుకూరలకు వెడల్పాటి ట్రేలు నాలుగు పెట్టి, పది రోజుల తేడాతో ఒక్కొక్కదానిలో విత్తుకుంటే కోత ఆగకుండా వస్తుంది.

మొదటి ఏడాది ఇవన్నీ పెట్టకండి. నాలుగు ఆకుకూరల ట్రేలు, మూడు మిరప, రెండు వంగ, ఒక తీగ పాదు. పది కుండీలు. వాటిని నాలుగు నెలలు నిలబెట్టగలిగితే మరో పది కొనుక్కోవచ్చు.

లోతు విషయానికి వస్తే ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, మిరప, వంగ, టమాటా, బెండలకు అడుగు, తీగ జాతులకు అడుగున్నర కావాలి. పాత పెయింటు బకెట్లు శుభ్రంగా కడిగి, అడుగున నాలుగైదు రంధ్రాలు పెడితే చక్కగా పనికొస్తాయి. పలచటి నల్ల సంచులు ఎండకు రెండేళ్లలోనే పెళుసెక్కి చిరిగిపోతాయి. కాస్త ధర ఎక్కువైనా మందపాటి సంచులే కొనండి.

మూడో అడుగు: మట్టి

ఇక్కడ ఎంత ఓపిక పడితే తరువాత అంత పని తగ్గుతుంది. నేను వాడే మిశ్రమం ఇది: రెండు తట్టల ఎర్రమట్టి, రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట కొబ్బరి పొట్టు. ఒక్కో సంచికి రెండు గుప్పెళ్ల వేపపిండి. కొబ్బరి పొట్టు ఇటుకలా బిగించి అమ్ముతారు. ఐదు కిలోల ఇటుక నానితే 60 లీటర్లకు పైగా పొంగుతుంది. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు సార్లు నీళ్లలో నానబెట్టి పిండి వాడాలి. నల్లరేగడి మట్టి మాత్రమే దొరికే ఊళ్లలో దాన్ని మూడో వంతుకు మించనివ్వకుండా, ఇసుక కలిపి వాడుకోండి. కుండీలో అది తడిస్తే జిగురై, ఎండితే రాయై, వేళ్లకు గాలి అందనివ్వదు.

పశువుల ఎరువు నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉండాలి. చేతిలోకి తీసుకుంటే తొలకరికి తడిసిన నేల వాసన రావాలి. నమ్మకం కుదరకపోతే ఒక గుప్పెడు తడిపి ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూట కట్టి రెండు రోజులు ఉంచండి. విప్పినప్పుడు ఘాటు వాసన కొడితే అది ఇంకా మాగలేదు. మొదటి ఏడాది నాకు బాగా మాగిందని చెప్పి అమ్మిన ఎరువు లోపల చేయి పెడితే వెచ్చగా తగిలింది. నారు సిద్ధంగా ఉంది కదా అని అలాగే వాడేశాను. మూడు రోజుల్లో ఆకుల అంచులు మాడి, వారంలో ఇరవై మొక్కలు పోయాయి. ఆ మట్టినే నెల రోజులు తడుపుతూ వదిలేస్తే తరువాత అందులోనే వంగ బ్రహ్మాండంగా వచ్చింది. ఎరువు కలిపేటప్పుడు తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి ఉండే పురుగులు కనిపిస్తే ఏరి పారేయండి. అవి వేళ్లు తింటాయి.

మిశ్రమం కలిపిన వెంటనే నాటవద్దు. సంచుల్లో నింపి, పైన రెండు అంగుళాలు ఖాళీ ఉంచి, కొద్దిగా తడి చల్లుతూ పదిహేను రోజులు నీడన ఉంచండి. ఆ తరువాత ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. నిమిషం, రెండు నిమిషాల్లో అడుగు నుంచి నీరు కారితే మట్టి సిద్ధమైనట్టే. పైనే నిలిచిపోతే మరికొంత కొబ్బరి పొట్టు కలపాలి.

నాలుగో అడుగు: ఏ కాలానికి ఏ విత్తనం

మన పెద్దలు కార్తెలు చూసి విత్తేవారు. మిద్దె మీదా ఆ లెక్కే నడుస్తుంది. జూన్ రెండో వారంలో మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర, దోస, గోంగూర విత్తుకోవచ్చు. వంగ, మిరప నారు పోసుకోవడానికీ అదే సమయం. పందిరి చిక్కుడు జులై, ఆగస్టుల్లో పెట్టాలి. పగలు పొట్టిగా ఉండే చలికాలంలోనే అది పూస్తుంది. ఫిబ్రవరిలో చిక్కుడు విత్తనం పెడితే తీగ మేడంతా పాకుతుంది, పూత మాత్రం మళ్లీ చలి వచ్చేదాకా ఉండదు.

సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ వరకు తోటకు పండుగ రోజులు. టమాటా, క్యాబేజీ, కాలిఫ్లవర్, ముల్లంగి, క్యారెట్, పాలకూర, మెంతికూర, కొత్తిమీర అన్నీ అప్పుడే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వానాకాలం కంటే ఈ కాలాన్ని ఎంచుకుంటే మంచిది. చీడలు తక్కువ, నీటి అవసరం తక్కువ. జనవరి చివర, ఫిబ్రవరిలో వేసవి పంటగా మళ్లీ బెండ, దోస, సొర, తోటకూర పెట్టుకోవచ్చు.

టమాటా మీద అందరికీ మోజు. అయితే పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవక రాలిపోతుంది. మార్చిలో నారు కొని ఏప్రిల్లో పూత చూసి మురిసిపోతే మేలో మిగిలేది ఆకే. అక్టోబర్లో నాటండి, సంక్రాంతికి కాయలు కోయండి.

ఐదో అడుగు: విత్తడం, నారు

విత్తనాన్ని దాని మందానికి రెండు మూడు రెట్ల లోతున పెట్టాలన్నది చాలావరకు పనిచేసే సూత్రం. తోటకూర విత్తనాలు ఆవాల కన్నా చిన్నవి. పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా ఎరువు పొడి జల్లితే చాలు. చీమలు ఎత్తుకుపోకుండా ట్రే చుట్టూ బూడిదో పసుపో వేయండి. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి విత్తాలి. మొలవడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. మధ్యలో తవ్వి చూడవద్దు. బెండ, చిక్కుడు గింజలను రాత్రంతా నానబెట్టి నేరుగా కుండీలోనే పెట్టాలి. వాటిని ఒక చోట మొలిపించి మరో చోట నాటడం పడదు.

టమాటా, వంగ, మిరపలకు నారు పోసుకోవాలి. టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప 40 రోజులకు నాటడానికి వస్తుంది. నారు గుంపుగా ఉండి, తడి ఎక్కువైతే మొదలు దగ్గర కుళ్లి పడిపోతుంది. దీన్నే నారుకుళ్లు అంటారు. పలచగా విత్తడం, ఉదయం మాత్రమే నీరు చిలకరించడం దీనికి సరైన జాగ్రత్త. నాటేది సాయంత్రం వేళ. నాటాక మూడు రోజులు నీడ ఇవ్వాలి.

రకాల విషయంలో నా అభిప్రాయం చెబుతాను. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన బెండ రకం అర్క అనామిక, టమాటాలో అర్క రక్షక్ పేరున్నవి. రక్షక్ మూడు తెగుళ్లను తట్టుకునేలా తయారుచేసిన సంకరం (హైబ్రిడ్). సంకరాల విత్తనం మళ్లీ వేస్తే అదే గుణం రాదు. విత్తనం దాచుకోవాలనే కోరిక ఉంటే ఊళ్లో పాత రైతు ఇంట్లో నాటు వంగ, నాటు బీర గింజలు నాలుగు అడిగి తెచ్చుకోండి.

ఆరో అడుగు: నీరు

నీరు తక్కువై పోయే మొక్కల కంటే ఎక్కువై పోయేవే ఎక్కువ. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. వేలికి తడి తగిలితే ఆ రోజుకు నీరు అక్కరలేదు. మధ్యాహ్నం బెండ, సొర ఆకులు వాలిపోవడం చూసి కంగారుపడి నీరు పోయకండి. సాయంత్రానికి అవే లేచి నిలబడితే అది ఎండ వల్ల వచ్చిన వాలుడే. చలికాలంలో రెండు రోజులకోసారి సరిపోయే సంచికి మే నెలలో ఉదయం ఒక లీటరు, సాయంత్రం ఒక లీటరు కావాలి. మట్టి మీద ఎండుటాకులు, చెరకు పిప్పి, కొబ్బరి పీచు రెండు అంగుళాల మందాన పరిస్తే ఆ అవసరం బాగా తగ్గుతుంది.

నీరు ఒకరోజు పొంగించి, మూడు రోజులు మరిచిపోతే టమాటా కాయ అడుగు నల్లగా తోలులా మారుతుంది. అది తెగులు కాదు. నీరు నిలకడగా అందక కాయకు సున్నం (కాల్షియం) చేరకపోవడం. మందు కొట్టినా పోదు, నీరు క్రమంగా పెడితే తరువాతి కాయలు బాగుంటాయి. బోరు నీటి వల్ల మట్టి మీద తెల్లటి పొర కడితే పైమట్టి గీకి తీసి, వాన నీటితో బాగా తడిపి కడిగేయండి. మంచినీటి యంత్రం వదిలే వృథా నీటిలో లవణాలు ఎక్కువ. దాన్ని రోజూ మొక్కలకు పోయవద్దు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మాత్రం నిశ్చింతగా పోయవచ్చు.

ఏడో అడుగు: మేత

కుండీలో మట్టి కొంచెమే. నెల దాటేసరికి అందులో సారం తరుగుతుంది. ఇరవై రోజులకోసారి సంచికి రెండు గుప్పెళ్ల వర్మికంపోస్టు వేసి పైపైన కలపండి. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన జీవామృతం అనే ద్రవ ఎరువును ఇంటి కొలతలో చేసుకోవచ్చు. 20 లీటర్ల నీటిలో కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, పిడికెడు మట్టి వేసి నీడలో ఉంచి, రోజుకు రెండు సార్లు కర్రతో కలపాలి. రెండు రోజులకు సిద్ధం. వారంలోపు వాడేయాలి. ఒక వంతుకు పది వంతుల నీరు కలిపి మొక్క మొదలు దగ్గర పోస్తే చాలు. గుడ్డు పెంకులు చితక్కొట్టి వేయడం మంచిదే కానీ అవి కరిగి మొక్కకు అందడానికి నెలల తరబడి పడుతుంది.

వంటింటి చెత్తతో కంపోస్టు చేయాలంటే ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండుటాకులు వరసలు వరసలుగా వేయండి. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం. మరిన్ని ఎండుటాకులు వేసి తిరగేయండి. రెండు మూడు నెలల్లో తయారవుతుంది.

ఎనిమిదో అడుగు: పందిరి, పూత, పిందె

పందిరి మనిషి ఎత్తు మించకుండా వేయండి. కోయడానికి అందాలి, గాలివానకు లేచిపోకుండా నాలుగు మూలలా గట్టి ఆనిక ఉండాలి. సొర, కాకర పాదుల్లో ప్రధాన తీగ పందిరికి అందగానే కొన చిదిమేస్తే పక్క కొమ్మలు వస్తాయి. ఆడ పూలు ఎక్కువగా వాటి మీదే పడతాయి.

మొదటి బీరపాదు పెట్టిన ఏడాది పిందెలన్నీ వేలెడు కాకముందే పసుపు తిరిగి రాలిపోయేవి. ఎరువు చాలలేదనుకుని రెండు సార్లు ఎరువు వేశాను. ఊరి నుంచి వచ్చిన అమ్మ పాదు చుట్టూ తిరిగి చూసి, "ఎరువు సంగతి తరువాత. పువ్వు ఎప్పుడు విచ్చుతోందో చూశావా?" అంది. చూడలేదు. ఆ సాయంత్రం ఇద్దరం పందిరి కింద కూర్చున్నాం. ఐదున్నర దాటాక ముడుచుకుని ఉన్న మొగ్గలు ఒక్కొక్కటే విప్పుకోవడం మొదలైంది. అంతటి పసుపు పూల మీద ఒక్క తేనెటీగా వాలలేదు. చుట్టూ కాంక్రీటు తప్ప చెట్టు లేని వీధి మాది.

అమ్మ గుత్తిగా ఉన్న పూలలో ఒకటి తెంపింది. వెనక పిందె లేనిది, అంటే మగ పువ్వు. దాని రేకులు తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని, వెనక సన్నటి పిందె ఉన్న ఆడ పువ్వు నడిబొడ్డున మెల్లగా మూడు సార్లు అద్దింది. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు సరిపోయింది. మూడో రోజుకు ఆ పిందెలు పచ్చగానే ఉండి, బరువుకు కిందికి వంగాయి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుతాయి. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే విచ్చుతాయి. ఆ వేళకే ఈ పని చేయాలి. మొదటి రెండు వారాలు మగ పూలే వస్తే దిగులు పడకండి, ఆడ పూలు వెనక వస్తాయి. టమాటా, వంగ, మిరప, బెండలకు ఈ సాయం అవసరం ఉండదు. టమాటా పూగుత్తిని వేలితో మెల్లగా తట్టితే మాత్రం మేలు. నాలుగు బంతి మొక్కలు పెట్టాక మా మేడ మీదకు తేనెటీగలు రావడం మొదలైంది.

తొమ్మిదో అడుగు: రోజూ పది నిమిషాలు ఆకు అడుగున చూడండి

ఒక ఉదయం మా వంగ మొక్కల్లో ఒకదాని చిగురు తల వాల్చేసింది. మట్టి తడిగానే ఉంది, మిగతా కొమ్మలన్నీ నిటారుగా ఉన్నాయి. ఆ రెమ్మను తుంచి గోటితో నిలువునా చీల్చాను. లోపల గోధుమరంగు పిప్పి, దాని వెనక లేత గులాబీ రంగులో ఒక పురుగు. ఇదే మొవ్వు, కాయ తొలిచే పురుగు. ఇప్పుడు చిగురులో ఉన్నది రేపు కాయలో ఉంటుంది. వాలిన చిగురును రెండు అంగుళాలు కిందికి కత్తిరించి సబ్బునీళ్లలో వేసేయాలి. కంపోస్టులో వేయకూడదు. ఈ ఒక్క అలవాటు వల్ల మా వంగలో పుచ్చు కాయలు బాగా తగ్గాయి.

మిరపలో ఆకుముడత చూసి అందరూ ఒకే మందు కొడతారు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు (రసం పీల్చే సన్నటి పురుగులు), కిందికి ముడుచుకుంటే నల్లి (కంటికి సరిగ్గా ఆనని సాలీడు జాతి పురుగు). మొదటిదానికి వేపనూనె, రెండోదానికి లీటరు నీటికి మూడు గ్రాముల నీటిలో కలిసే గంధకం. గంధకాన్ని మండు వేసవిలో గానీ, నూనె కొట్టిన రెండు వారాల లోపు గానీ వాడవద్దు, ఆకు మాడుతుంది. బెండ ఆకుల ఈనెలు పసుపుగా మారితే అది పల్లాకు తెగులు. దానికి మందు లేదు. ఆ మొక్కను ఆ రోజే పీకేసి, దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ కోసం పసుపు జిగురు అట్టలు కట్టండి.

వేపనూనె కొలత: లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. ముందుగా ఒక చెంచా కుంకుడు రసంలో నూనెను చిలికి, తరువాత నీటిలో కలపాలి. లేకపోతే నూనె పైనే తేలుతుంది. సూర్యుడు దిగాక, ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టాలి. చిగుళ్లకు గుంపుగా అంటుకునే పేనుబంక కొద్దిగా ఉంటే నీటి ధారతోనే పోతుంది. తెల్లటి దూదిలా కనిపించే పిండినల్లిని పాత టూత్‌బ్రష్‌ను సబ్బునీటిలో ముంచి రుద్దండి. ఆకుల మీద తెల్లటి పొడిలా పరుచుకునే బూడిద తెగులుకు పుల్ల మజ్జిగ పది వంతుల నీటిలో కలిపి కొడతాను. మొదట్లోనే కొడితే పనిచేస్తుంది, ముదిరితే ఆ ఆకులు తీసేయడమే. దోస, కాకర పిందెలకు పండు ఈగ కుట్టకుండా పాత బట్ట సంచి తొడగండి. పువ్వు వాడిన రోజే తొడగాలి.

రోహిణి కార్తె, కోతులు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా సగం ఎండను ఆపే ఆకుపచ్చ వల కట్టండి. కుండీలన్నిటినీ దగ్గరకు జరిపితే ఒకదాని నీడ మరొకదానికి పడి మట్టి కాగదు. ఆ నెలల్లో కొత్తగా ఏమీ నాటను. బచ్చలి, తోటకూర, గోంగూర, దొండ పాదును కాపాడుకుంటే చాలు. ఎండుతున్న ఖాళీ సంచులను అలాగే ఎండనివ్వండి, మట్టిలో రోగకారకాలు కొంత చస్తాయి.

కోతుల సమస్యకు నాకు దొరికిన పరిష్కారం ఒక్కటే, గట్టి ఇనుప జాలీ. నైలాన్ వలను చింపేశాయి, బొమ్మ పాములకు రెండు రోజులే భయపడ్డాయి. జాలీ కట్టే స్తోమత లేని రోజుల్లో మిరప, కాకర, పుదీనా, కరివేపాకు మీదే ఆధారపడ్డాను, వాటి జోలికి అంతగా వచ్చేవి కావు. ఒక డిసెంబర్‌లో రంగు తిరుగుతున్న టమాటాలన్నీ ఒక్క పూటలో పోయాయి. మూడు నెలల శ్రమ అలా నేల మీద కొరికి పడి ఉంటే బాధ కలుగుతుంది. అది మర్నాటికి పోయే బాధ కూడా కాదు. అందుకే మీ వీధిలో కోతులు తిరుగుతుంటే మొదటి ఖర్చు కుండీల మీద కాకుండా జాలీ మీద పెట్టండి.

కోత

తోటకూర 25 నుంచి 30 రోజులకు, మెంతికూర మూడు వారాలకు, బెండ 45 రోజులకు, బీర 50 దాటాక, సొర రెండు నెలలకు కోతకు వస్తాయి. ఆకుకూరలను పీకకుండా కణుపు పైన కోస్తే మళ్లీ చిగురిస్తాయి. బెండకాయ కొన వేలితో వంచితే టప్పున విరగాలి. సొరకాయకు గోరు మెత్తగా దిగాలి, దిగకపోతే ముదిరింది. బెండ, బీర రోజు విడిచి రోజు కోయకపోతే మొక్క కాపు తగ్గించేస్తుంది.

కోసిన గంటలో పొయ్యి మీదికెక్కిన లేత బీరకాయకు చెక్కు తీసే పని కూడా ఉండదు. ఈనెలు మాత్రం గీకి, ఆ తొక్కుతో పచ్చడి, కండతో పాలు పోసిన కూర. బజారు బీరకాయ మూడు రోజుల నాటిదని మొదటిసారి అప్పుడే నాలుకకు తెలిసింది. మాఘ శుద్ధ సప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే ఇళ్లకు రథసప్తమి ఉదయం మా పాదు నుంచే ఆకులు వెళతాయి. పక్కింటి పిన్నిగారు చిన్న పళ్లెంతో వచ్చి, "మీ పాదు ఆకులకే ఈ ఏడాదీ వచ్చాను" అంటారు. ఆ మాట వినడానికే జులైలో గింజ పెడతానేమో అనిపిస్తుంది.

చివరి పని: మట్టి, విత్తనం

పంట అయిపోయిన సంచిని బోర్లించి, వేళ్లు ఏరి, మట్టిని వారం ఎండలో ఆరబెట్టండి. మూడో వంతు కొత్త ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపితే మళ్లీ పనికొస్తుంది. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం. ఒకటి తీసిన మట్టిలో వెంటనే మరొకటి పెట్టవద్దు. చిక్కుడు, గోరుచిక్కుడు తీసిన మట్టిలో ఆకుకూరలు వేస్తే నల్లగా, దట్టంగా వస్తాయి.

విత్తనం కోసం బలమైన మొక్క మీద రెండు కాయలను కాపు మధ్యలోనే వదిలేసి దారం కట్టండి, పొరపాటున ఎవరూ కోయకుండా. బెండకాయ చెట్టు మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనాలి. బీరకాయ గోధుమరంగుకు తిరిగి బెండులా తేలికవ్వాలి. టమాటా గింజలను గుజ్జుతో సహా రెండు రోజులు గ్లాసులో పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఆరిన గింజలను కొద్దిగా జల్లించిన బూడిదలో కలిపి కాగితం పొట్లం కట్టండి. పొట్లం మీద పేరు, నెల, సంవత్సరం రాసి, మూత బిగుతుగా ఉన్న సీసాలో వేసి చీకటి అలమరలో పెట్టండి. మృగశిర ముందు పది గింజలు తడి గుడ్డలో మూట కట్టి చూడండి. ఏడు మొలిస్తే ఆ పొట్లం విత్తుకోవచ్చు.